ఉప్పుమళ్లలో సభ

చేతులెత్తి సర్పంచిని ఎన్నుకునే కాలం నాటి మాట, వినండి. సముద్రపొడ్డున ఒక ఊరు. ఊరికీ సముద్రానికీ మధ్య కనుచూపుమేరా ఉప్పుమళ్లు. ఆ మళ్లన్నీ ఒక్క కామందువి. వాటిలో ఉప్పు లాగే కూలీల్లో మస్తానమ్మ అని ఒకామె ఉండేది. మొగుడు లేడు. ఇద్దరు ఆడపిల్లలు. ఉప్పునీళ్లలో నాని నాని ఆమె పాదాలు బీటలు వారిపోయాయి.

మళ్ల పక్కనే కామందు తోట. తోటలో మంచినీళ్ల బావి. ఆ నీళ్లు కొబ్బరిచెట్లకి పెట్టేవాళ్లు. ఎడ్లకి పెట్టేవాళ్లు. కూలీలకి మాత్రం పెట్టేవాళ్లు కాదు.

ఒక ఎండాకాలం, మస్తానమ్మ పక్కన పనిచేసే సుబ్బులు మడిలోనే కుప్పకూలింది. నిండు చూలాలు. మస్తానమ్మ చెంబు పట్టుకుని తోటకి పరిగెత్తింది. కాపలావాడు గేటు తీయలేదు.

"అయ్యగారు చెప్పందే తీయనమ్మా" అన్నాడు.

ఖాళీ చెంబుతో ఆమె తిరిగొచ్చేసరికి సుబ్బులు ప్రాణం పోయింది.

మర్నాడు పొద్దున మస్తానమ్మ మడిలో దిగలేదు. గట్టు మీద కూర్చుంది. ఆమె పక్కన ఒకరు, ఆ పక్కన ఇంకొకరు, కూలీలంతా కూర్చున్నారు. మళ్లలో ఉప్పు పండింది. లాగే చెయ్యి లేదు.

కామందు వచ్చాడు.

"ఏమే మస్తానమ్మా, నిన్ను మేస్త్రీని చేస్తా. గొడుగేసుకుని నిలబడి పని చేయిద్దువుగానీ. వీళ్లని లేపు."

"ముందు నీళ్లు. తర్వాతే మాటలు" అంది మస్తానమ్మ.

కామందు కబురంపితే పోలీసు జమేదారు లాఠీతో వచ్చాడు.

"లేస్తావా, జైలుకి పోతావా?"

మస్తానమ్మకి పిల్లలు గుర్తొచ్చారు. అయినా అదే మాట అంది.

"ముందు నీళ్లు. తర్వాతే మాటలు."

ఆమెని పట్టుకుపోయారు. మిగతావాళ్లు లేవలేదు. ఇంతలో సముద్రం మీద మబ్బు పట్టింది. వానపడితే ఉప్పంతా కరిగిపోతుంది. కామందు మబ్బు వంక చూశాడు, మళ్ల వంక చూశాడు, గట్టు మీద కూర్చున్న జనం వంక చూశాడు. గేటు తీయించాడు. మస్తానమ్మని విడిపించాడు.

ఆమె వచ్చి మొదటి చెంబు తోడింది. తాగలేదు. సుబ్బులు పడిపోయిన చోట పోసి, అప్పుడు ఏడ్చింది.

ఆ తర్వాత పంచాయతీ ఎన్నికలొచ్చాయి. ఎప్పుడూ కామందే సర్పంచి. ఈసారి కూలీలంతా మస్తానమ్మని నిలబెట్టారు. కామందు జనం ఎదురుగా కుర్చీ వేయించుకుని కూర్చున్నాడు.

"నా ఎదుట దానికి చెయ్యెత్తే మగాడెవడో చూస్తా" అన్నాడు.

ఎవరూ కదల్లేదు. మస్తానమ్మ తల దించుకుంది. అప్పుడు సుబ్బులు తల్లి, ముసలి పోలమ్మ, ముందుకొచ్చింది.

"మగాడు కాదురా, నేనున్నా. చూడు!" అని చెయ్యెత్తింది.

ఇంకేముంది! ఉప్పుకి తోలూడిన చేతులు ఒక్కొక్కటే లేచాయి. కొందరు రెండేసి ఎత్తితే, "ఒక్కటే ఎత్తండయ్యా!" అని లెక్కపెట్టేవాడు మొత్తుకున్నాడు.

ఓడిన కామందు ఆ సాయంత్రమే బావి గేటుకి తాళం వేయించాడు. దాంతో ఊరిదంటూ ఒక బావి కావాల్సొచ్చింది. మస్తానమ్మ తాలూకా అధికారి దగ్గరికి వెళ్లింది.

"వచ్చే ఏడు చూద్దాం సర్పంచి గారూ" అన్నాడాయన. "ఒకసారి మీ ఊరొస్తా, కూర్చుని మాట్లాడుకుందాం."

"రండి బాబూ" అంది.

ఆయన వచ్చాడు. సభ ఉప్పుమళ్లలో పెట్టించింది. మిట్టమధ్యాహ్నం.

"ఉప్పు తొక్కేటప్పుడు మేం చెప్పులు వేసుకోం. మీరూ విడిచి రండి" అంది.

ఆయన దిగాడు. ఒక కాలు ఎత్తాడు. అది దించి రెండోది ఎత్తాడు.

"కాళ్లు కాలుతున్నాయమ్మా! గట్టెక్కి మాట్లాడుకుందాం!"

"మాకు రోజూ కాలతాయి బాబూ. ముందు నీళ్లు. తర్వాతే మాటలు."

"తవ్విస్తా! రేపే తవ్విస్తా!"

తవ్వించాడు. తియ్యటి నీళ్లు పడ్డాయి. దానికి గేటు పెట్టలేదు.

మస్తానమ్మ పోయి ఎన్నేళ్లయిందో చెప్పేవాళ్లు ఇప్పుడు లేరు. కానీ ఆ ఊళ్లో ఎవరు సర్పంచి అయినా మొదటి సభ ఉప్పుమళ్లలోనే, ఎండ నడినెత్తిన ఉన్నప్పుడే. అక్కడ ఎవరూ పెద్ద ఉపన్యాసాలివ్వరు. కొత్తగా వచ్చిన అధికారి ఎవరైనా గట్టు మీద నిలబడి తటపటాయిస్తే, మళ్లలోంచి ఆడవాళ్లు కేకేస్తారు.

"ఇది మస్తానమ్మ ఊరండీ! చెప్పులు విప్పి దిగండి!"

ఎంత పెద్ద అధికారైనా సరే, దిగుతాడు.