తెల్లదారిలో ఒకే గొంతు

అనగనగా ఒక అడవి. మండు వేసవిలో కూడా పొగమంచు విడవని అడవి అది. అక్కడ జంతువుల పిల్లలకు ఒక బడి ఉండేది. పదో తరగతి అయిపోగానే పిల్లలు బడి వెనకున్న మూడు దారుల్లో ఒకటి ఎంచుకోవాలి. ఏటిదారిలో వెళ్తే ఈత, చేపల వేట నేర్పుతారు. మూలికల దారిలో వెళ్తే ఆకులతో, వేర్లతో వైద్యం నేర్పుతారు. మూడోది తెల్లదారి. అక్కడేం నేర్పుతారో ఎవరికీ సరిగ్గా తెలీదు. అయినా అందరూ తమ పిల్లల్ని అటే పంపేవాళ్లు.

మిణుకు అనే ముంగిస పిల్ల ఆ ఏడే బడి ముగించింది. దానికి మూలికలంటే ప్రాణం.

"నాన్నా, నేను మూలికల దారిలో వెళ్తాను" అంది.

"వేర్లు తవ్వుకుంటూ బతుకుతావా?" అని కసిరాడు నాన్న. "మీ అన్న జాజును చూడు. నిరుడు తెల్లదారిలో వెళ్లాడు. ఎప్పుడు కబురు పెట్టినా బాగానే ఉన్నానంటాడు. పొద్దున్నే నువ్వూ బయల్దేరు."

మిణుకు ఎదురు చెప్పలేకపోయింది. తెల్లవారగానే ఆ దారిలో అడుగు పెట్టింది.

నేల బూడిదలా తెల్లగా, చల్లగా ఉంది. ఒక్క పిట్ట కూత లేదు. కీచురాళ్ల రొద లేదు. ఎండుటాకు మీద కాలేసినా చప్పుడు రాలేదు. కొంత దూరం పోయాక మంచులో ఒక పెద్ద తెల్లబండ కనిపించింది. దాని ముందు జంతువులు వరసలు వరసలుగా కూర్చుని, బండనే చూస్తూ ముందుకీ వెనక్కీ ఊగుతున్నాయి.

చివరి వరసలో, బడిలో తెలిసిన కుందేలు ఉంది. "ఎలా ఉన్నావు?" అని అడిగింది మిణుకు.

"బాగానే ఉన్నాను. నువ్వూ రా" అంది కుందేలు, తల తిప్పకుండానే.

పక్కన నెమలి ఉంది. "నెమలక్కా, నువ్వెలా ఉన్నావు?"

"బాగానే ఉన్నాను. నువ్వూ రా."

మిణుకు ఉలిక్కిపడింది. నెమలి మాట్లాడింది అచ్చంగా కుందేలు గొంతుతోనే!

ఆ తరవాత జాజు కనిపించాడు. మిణుకు పరుగున వెళ్లి అన్న ముఖంలోకి చూసింది. కళ్లలోంచి నీళ్లు కారుతున్నాయి.

"అన్నా! ఏమైంది?"

"బాగానే ఉన్నాను. నువ్వూ రా." అదే గొంతు.

మిణుకుకు ఏడుపొచ్చింది. "నాకు భయమేస్తోంది" అనబోయింది. కానీ దాని నోట్లోంచి వచ్చిన మాట వేరు.

"బాగానే ఉన్నాను."

అది తన గొంతు కాదు. మిణుకు నాలుక కొరుక్కుని, వెనక్కి తిరిగి ఒకటే పరుగు.

ఇంటికొచ్చి జరిగిందంతా చెప్పగానే నాన్న మండిపడ్డాడు. "భయపడి వచ్చి సాకులు చెబుతున్నావా?"

ఈసారి మిణుకు తల దించుకోలేదు. "నేను ఆ దారిలో వెళ్లను నాన్నా. నా మాట నమ్మకపోతే నువ్వే వచ్చి విను."

ఇద్దరూ తెల్లదారి మొదట్లో నిలబడ్డారు. నాన్న మంచులోకి కేకేశాడు. "జాజూ! ఎలా ఉన్నావురా?"

"బాగానే ఉన్నాను నాన్నా" అని వందల నోళ్లు ఒక్కసారే పలికాయి.

నాన్న ఒంటిమీది వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి. "ఇందులో మావాడి గొంతేదమ్మా?" అన్నాడు.

"ఎలా ఉన్నావని అడక్కు నాన్నా, అలా అడిగితే అందరి నోటా ఆ ఒక్క మాటే వస్తుంది. ఏం కావాలో అడుగు."

ఆ మాట నాన్న కొడుకునెప్పుడూ అడిగి ఎరగడు. గొంతు సవరించుకుని, "జాజూ... నీకేం కావాలి నాన్నా?" అన్నాడు.

ఈసారి ఆ వందల నోళ్లు కలిసి పలకలేదు. మంచులోంచి సన్నగా, బొంగురుగా ఒకే ఒక్క గొంతు వినిపించింది.

"నాకు తెలీదు నాన్నా. నన్నెవరూ అడగలేదు."

"మావాడే!" అన్నాడు నాన్న. కళ్లు తుడుచుకుని మళ్లీ కేకేశాడు. "తెలీకపోతే ఏంరా, మెల్లగా తెలుసుకుందువుగాని. ముందు నువ్వు ఇంటికి రా!"

ఎండుటాకులు గలగలమన్నాయి. ఎవరో పరుగెత్తుకొస్తున్నారు.

నీతి: ఏ దారి కావాలో పిల్లలు భయపడకుండా చెప్పాలి; పెద్దలు అడిగి, ఓపిగ్గా వినాలి.