తెర వెనక పరవాన్నం

ఉత్తరం ముక్క తప్ప నేనింతవరకు ఏదీ రాసి ఎరగను. నా చదువు కూడా అయిదో తరగతితో సరి. ఈ కథ మాత్రం చాన్నాళ్ళుగా మనసులో తిరుగుతోంది, రాసేస్తున్నాను. తప్పులుంటే మీరే సర్దుకోండి.

కొండసీమనేలే సోమదేవరాజు పొరుగు దేశానికి పెళ్ళికి వెళ్ళాడు. పెళ్ళయిపోయింది. తిరుగు ప్రయాణానికి ముహూర్తం ఎల్లుండి తెల్లవారుజామున పెట్టారు. మధ్యలో మిగిలింది ఒక్క రోజు.

"ఆ ఒక్క రోజులో ఈ ఊరంతా చూసెయ్యాలి!" అన్నాడు రాజు. "మా బావమరిది కిందటేడు ఇక్కడికొచ్చి పన్నెండు వింతలు చూశాడట. కనిపించినప్పుడల్లా అదే సోది! మంచి ఏర్పాటు చెప్పినవాళ్ళకి నా ముత్యాలహారం."

"పన్నెండేమిటి ప్రభూ, పద్దెనిమిది!" అంటూ మీసం దువ్వాడు మార్తాండయ్య. ఆయన రాజుగారి యాత్రల అధికారి. పొలిమేర దాటడమంటే తన తరువాతే ఎవరైనా అని ఆయన నమ్మకం. "పొద్దున్నే కోట. అక్కణ్ణుంచి ఏనుగుల శాల, అద్దాల మేడ, నెమళ్ళ తోట, గంటల మండపం..." ఊపిరి కూడా తీసుకోకుండా చెప్పుకుపోయాడు.

"మరి సముద్రం, నాయనా?" అంది రాజుగారి తల్లి.

పెద్దరాణి కొండల్లోనే పుట్టి, కొండల్లోనే మెట్టింది. మోకాళ్ళ నొప్పులతో ఇంత దూరం వచ్చిందే ఆ నీళ్ళలో ఒక్కసారి కాళ్ళు తడుపుకుందామని. ఆ మాట దారి పొడుగునా తన పరిచారిక నాంచారికి చెబుతూనే ఉంది.

"ఉందండి పెద్దరాణీ, పదిహేడోది," అన్నాడు మార్తాండయ్య. "పల్లకీ ఆపం కానీ, తెర తీస్తే కనిపిస్తుంది."

"అప్పటికి చీకటి పడిపోదుటయ్యా?"

"పడితేనేం? చప్పుడు వినిపిస్తుంది కదండీ!"

రాజు భేష్ అన్నాడు. పెద్దరాణి చెంగు వేలికి చుట్టుకుంటూ కూర్చుంది.

నాంచారికి గుండె కలుక్కుమంది. కానీ నలుగురిలో నోరు విప్పాలంటే ఆమెకి చెమటలు పడతాయి. కాసేపు గుమ్మం దగ్గర తచ్చాడి, చివరికి తల వంచుకునే అడిగింది.

"అయ్యగారూ, ఈ పూట వడ్డన నాది. అది కూడా మీ పద్ధతిలోనే చెయ్యనా?"

మార్తాండయ్య ఉబ్బిపోయాడు. "చెయ్యి, చెయ్యి! ఏదీ వదలకూడదు, ఎక్కడా ఆగకూడదు. అంతే కిటుకు!"

"అలాగే కానీ," అన్నాడు రాజు.

విస్తళ్ళు వేశారు. రాజు, పక్కన మార్తాండయ్య కూర్చున్నారు. నాంచారి వేడి అన్నంలో ముద్దపప్పు వేసి నెయ్యి పోసింది. రాజు కలిపాడు. ముద్ద చేతిలోకి తీసేలోపు విస్తరి మాయం!

"పప్పయింది ప్రభూ. తరువాత గుత్తివంకాయ."

కొత్త విస్తరి వచ్చింది. వంకాయ తుంచాడో లేదో, అదీ పోయింది. పులిహోర వచ్చింది, పోయింది. అప్పడం విరిచిన చప్పుడైతే అయింది కానీ ముక్క ఎవరి నోట్లోనూ పడలేదు. పనసపొట్టు కూరంటే రాజుకి ప్రాణం. ఆ విస్తరిని రెండు చేతులా పట్టుకున్నాడు.

"వదలండి ప్రభూ, వెనక ఇంకా పదమూడున్నాయి!"

"ఏమిటయ్యా మార్తాండయ్యా, ఇది?" అని గుడ్లురిమాడు రాజు. మార్తాండయ్య ఖాళీ వేళ్ళు నాకుతున్నాడు.

మరో పదకొండూ అలాగే వచ్చి పోయాయి. ఇంతలో వంటింటి తెర వెనకనుంచి యాలకుల వాసన గుప్పుమంది. టకటకా గరిటె మోగింది.

"పదిహేడోది పరవాన్నం ప్రభూ!" అంది నాంచారి తెర వెనకనుంచే. "వెళ్ళిపోతోంది. చప్పుడు వినండి."

రాజు లేచి నిలబడ్డాడు. "ఏమే నాంచారీ! వేళాకోళంగా ఉందా? అసలు నాకేం పెట్టావే నువ్వు?"

నాంచారి తెర తొలగించుకుని ఇవతలికి వచ్చింది. ఈసారి తల వంచుకోలేదు.

"పదిహేడు వంటకాలండి ప్రభూ, ఇంకొకటుంది. మీ బావమరిదిగారు ఇన్ని చూసి ఉండరు."

ముందుగా పెద్దరాణి కిసుక్కున నవ్వింది. తరువాత రాజు పొట్ట పట్టుకుని నవ్వాడు. నవ్వుకో, ఆకలికో ఆయనకే తెలియాలి.

"సరే, రేపటికి నీ వడ్డనేమిటో చెప్పు."

"ఎంత అరుగుతుందో అంతేనండి. చల్లగా ఉన్నప్పుడే సముద్రం. ఎండెక్కితే అద్దాల మేడ, నీడపట్టున ఉంటుంది. పొద్దు వాలాక దాని పక్కనే కోట. తొందరగా పడుకుంటే ముహూర్తానికి లేవగలం."

"మిగతావి?"

"మళ్ళీ రావాలంటే కాస్త ఆకలి మిగలాలి కదండీ."

"హారం నీదే!" అన్నాడు రాజు.

"హారం తరువాత ఇద్దురుగాని ప్రభూ," అని మొత్తుకున్నాడు మార్తాండయ్య, "ముందా పప్పన్నం వెనక్కి తెప్పించండి!"

మర్నాడు పొద్దున్నే సముద్రం కనబడగానే నాంచారి పల్లకీ తెర తీయలేదు, పల్లకీనే ఇసుకలో దింపించింది. ముత్యాలహారం కొంగున ముడివేసుకుని, కుచ్చిళ్ళు ఎగదోపి, పెద్దరాణి చెయ్యి పట్టుకుని మోకాలి లోతు దాకా నడిపించింది. వెనకనుంచి మార్తాండయ్య మేడకి ఆలస్యమవుతోందని కేక వేశాడు.

పెద్దరాణి వెనక్కి తిరగనైనా లేదు. "ఇంకొక్క అలేనే," అంది.

"అలాగేనమ్మా," అని నాంచారి ఆవిడ చెయ్యి ఇంకాస్త గట్టిగా పట్టుకుంది. ఆ ఒక్క అల ఎన్నిసార్లు వచ్చిందో ఇద్దరూ లెక్కపెట్టలేదు.