తడవని పట్టుపంచె

కుందనగిరి రాజు గజపాలుడికి ఉన్నట్టుండి కవిత్వం పూనింది. ఒకరోజు నిండు సభలో తన కొత్త పద్యాలు తానే చదవడం మొదలుపెట్టాడు. ప్రతి పద్యానికీ భేష్‌లు పడుతున్నాయి. కవి రాజైతే సభలో రసికులకు కొదవేముంది?

మధ్యలో ఎక్కడినుంచో "జోజో, జోజో" అని వినబడింది.

చూస్తే విదూషకుడు ఓబన్న. కూర్చున్నచోటే కళ్లు మూసుకుని, పక్కనున్న కోశాధికారి తొడ మీద మెల్లగా జోకొడుతున్నాడు. కోశాధికారి అప్పటికే గురక పెడుతున్నాడు.

రాజు ముఖం ఎర్రబడింది.

సంగతేమిటంటే, ఓబన్న ఇంట్లో కవల ఆడపిల్లలు పుట్టారు. బారసాల ఇంకా కాలేదు కాబట్టి పెద్దపాప, చిన్నపాప అంటున్నారు. పెద్దపాప పడుకుంటే చిన్నపాప లేస్తుంది. చిన్నపాపను త్రేనుపు వచ్చేదాకా భుజాన వేసుకుని తిరిగితే, ఆ అడుగుల చప్పుడుకి పెద్దపాప లేస్తుంది. ఓబన్న భార్య నాగాంబ తల దువ్వుకుని ఎన్నాళ్లయిందో ఆమెకే గుర్తులేదు. కాన్పుకి పుట్టింటికి వెళదామంటే ఏరు పొంగింది. తల్లి రావడానికీ దారి లేకపోయింది. ఊళ్లోని చుట్టాలకు మాత్రం ఏ ఏరూ అడ్డం రాలేదు. వచ్చి, పడుకున్న పిల్లల బుగ్గలు గిల్లి లేపి, నాలుగు సలహాలిచ్చి, భోంచేసి వెళ్లేవాళ్లు.

ఆస్థాన పండితుడు ప్రచండభట్టు అదను చూసి లేచాడు. రాజుగారి పక్కనుండే ఓబన్న ఆసనం మీద ఆయనకు ఎప్పటినుంచో కన్ను.

"ప్రభూ, ఇంట్లో పసిపిల్లలుంటే నిద్రకు కరువా? అంతా శాస్త్రం తెలియకపోవడం. నేను ఏడుగురు పిల్లల తండ్రిని. ఒక్కరి ఏడుపైనా విన్న గుర్తు లేదు."

ఓబన్న కళ్లు నులుముకున్నాడు.

"నిజమే ప్రభూ. భట్టుగారి పిల్లలు ఏడ్చేటప్పుడు భట్టుగారు ఇక్కడే ఉంటారు."

సభ గొల్లుమంది. భట్టుకి ఒళ్లు మండింది.

"రేపు పొద్దుటినుంచి దీపాలు పెట్టేదాకా ఆ ఇద్దర్నీ నాకు వదిలెయ్యండి. పాలివ్వడం తల్లి పని. తక్కినదంతా నేనొక్కణ్ణే చూసుకుంటాను."

"సరే," అన్నాడు రాజు. "సాయంత్రం నేనే వచ్చి చూస్తాను. పిల్లలు హాయిగా ఉంటే ఓబన్న ఆసనం మీకే. ఓబన్నా, నువ్వు రేపంతా ఇక్కడే కూర్చుని నా పద్యాలు వింటావు. కళ్లు తెరుచుకుని."

కొలువు పోతే ఓబన్న ఇద్దరు పసికందులతో, పచ్చి బాలింతతో ఏ ఊరు పోవాలి?

మర్నాడు సాయంత్రం రాజు పరివారంతో ఓబన్న ఇంటికి వచ్చాడు. చప్పుడు లేదు. పిల్లలిద్దరూ నలుగు పెట్టించుకుని, నీళ్లు పోయించుకుని, బుగ్గన చుక్కలతో ఉయ్యాల్లో నిద్రపోతున్నారు. ఇల్లంతా సాంబ్రాణి వాసన. భట్టు పీట మీద దర్జాగా కూర్చుని విసనకర్ర ఊపుకుంటున్నాడు.

"శాస్త్రం ప్రభూ, శాస్త్రం!"

రాజు ఓబన్నవైపు అదోలా చూశాడు. ఓబన్న గది గుమ్మంలోంచి తొంగి చూశాడు. నాగాంబ ఒళ్లు మరిచి నిద్రపోతోంది. ఆమెను అలా చూడగానే అతనికి కళ్లు చెమర్చాయి. పోతే పోయింది కొలువు, ఇది ఒక్కపూటైనా పడుకుంది అనుకున్నాడు. వెనక్కి తిరగబోతూ భట్టుని ఎగాదిగా చూసి, ఆగిపోయాడు.

"భట్టుగారూ, మీరే గెలిచారు. ఒక్క ఉపాయం నేర్పి వెళ్లండి."

"అడుగు."

"పొద్దుటినుంచీ ఇద్దర్నీ మీరే ఎత్తుకున్నారా?"

"నేనే."

"పాలు తాగాక త్రేనుపు తెప్పించింది?"

"ఇదిగో, ఈ భుజం మీదే."

"మరి పొద్దున కట్టిన పట్టుపంచె సాయంత్రానికి తడవకుండా, కండువా మీద మరక పడకుండా ఎలా ఉందో అది చెప్పండి. మా ఇంట్లో బట్టలు ఆరేసుకోవడానికి దండెం చాలడం లేదు."

రాజు పంచెకేసి చూశాడు. మడత నలగలేదు. యువరాజుని మొట్టమొదట ఎత్తుకున్నరోజు తన జరీ అంగీకి పట్టిన గతి ఆయనకు గుర్తొచ్చింది.

"ఈ ఇంట్లో బట్టలు తడిసినవాళ్లెవరో బయటికి రండి," అన్నాడు.

వంటింట్లో గాజులు కదిలాయి. ఒకావిడ తలుపు చాటునుంచి వచ్చింది. చీర కుచ్చిళ్లు తడిసి ఉన్నాయి, భుజాన పాలు కక్కిన మరక. ఆవిడ వర్ధనమ్మ, భట్టు భార్య.

"పెద్దపాప మొదటిసారి ఏడవగానే మావారు నాకోసం పల్లకీ పంపించారు మహారాజా. ఆ తర్వాత తమరు వచ్చేదాకా ఆయన వీధరుగు దిగలేదు."

భట్టు విసనకర్ర ఆగిపోయింది.

"అయితే పిల్లల్ని పడుకోబెట్టింది నువ్వు. ఆసనం నీదే తల్లీ," అన్నాడు రాజు.

"ఆసనం నాకెందుకు మహారాజా? ఒక మంచం ఇప్పించండి. ఏడుగురిని పెంచాను. కంటినిండా పడుకున్నది లేదు."

రాజు అంతఃపురంలో ఆవిడకు పట్టుపరుపు వేయించమన్నాడు. ఆవిడంతట ఆవిడ లేచేదాకా ఎవరూ లేపకూడదన్నాడు. అప్పటిదాకా ఏడుగురు పిల్లలూ, ఈ కవలలూ భట్టు పూచీ. ఓబన్న ఆసనం ఓబన్నదే. కవలలకు రెండు వెండి ఉగ్గుగిన్నెలు.

"ఓబన్నా, ఇకమీదట సభలో కునుకు తీసినా తప్పు లేదు. కోశాధికారిని మాత్రం నిద్రపుచ్చకు."

"ఆయన్ని నిద్రపుచ్చింది నేను కాదు ప్రభూ. మీ పద్యం."

రాజు పగలబడి నవ్వాడు.

ఆ నవ్వుకి పెద్దపాప లేచింది. పెద్దపాప ఏడుపుకి చిన్నపాప లేచింది. అందరూ భట్టుకేసి చూశారు.

భట్టు పీట మీదనుంచి లేచి, ఇద్దర్నీ చెరో చేత్తో ఎత్తుకున్నాడు. పట్టుపంచె తడవడానికి ఎంతోసేపు పట్టలేదు.