బోర్లించిన కుండ

శేషారత్నానికి ఆ ఫెలోషిప్ రెండుసార్లు చేజారింది. ఇప్పుడు మూడోసారి దరఖాస్తు పెడుతోంది, ఇదే ఆఖరు. ఈ ఏడు గడిస్తే వయసు పరిమితి దాటిపోతుంది.

ఐరోపాలో ఒక పాత విశ్వవిద్యాలయం వాళ్ళు ఆసియా అధ్యయనాల కోసం ఇచ్చే ఫెలోషిప్ అది. ఎంపికైతే చదువూ తిండీ వసతీ అన్నీ వాళ్ళే చూసుకుంటారు. ఎక్కడెక్కడో భద్రపరిచిన పాత రాతప్రతులను వెళ్ళి కళ్ళారా చూడొచ్చు. రాకపోతే విజయవాడలో ఒక కోచింగ్ సెంటర్ ఉద్యోగం సిద్ధంగా ఉంది. పొద్దున్నించి సాయంత్రం దాకా ఒకే చరిత్ర పాఠం, ఒక బ్యాచ్ తర్వాత ఇంకో బ్యాచ్‌కి. అది చెడ్డ పనేమీ కాదు. కానీ అందులో పడితే మళ్ళీ ఇటు రాలేనని ఆమెకు తెలుసు.

ఆమె నాగాయలంక దగ్గర, కృష్ణ సముద్రంలో కలిసే చోట, చేపలు పట్టే ఇంట్లో పుట్టింది. బౌద్ధ సాహిత్యంలో ఎమ్మే చేసే రోజుల్లో ఒక సంగతి విని నిద్ర పోగొట్టుకుంది. ఒకప్పుడు కృష్ణ ఒడ్డు ఆరామాల్లో కూర్చుని రాసిన గ్రంథాలు కొన్ని ఇక్కడ నామరూపాల్లేకుండా పోయాయట. హిమాలయాల అవతల, టిబెటన్ అనువాదంలో మాత్రం నిలిచి ఉన్నాయట. మన ఒడ్డున పుట్టిన మాట మనం వినాలంటే ఇంకో దేశం భాష నేర్చుకోవాలన్నమాట. ఆమె మైసూరు దాటి బైలకుప్పె వచ్చింది. అక్కడి టిబెటన్ల ఊళ్ళో ఒక చిన్న మఠం వెతుక్కుని, గెన్ తుప్తెన్ దగ్గర అక్షరాలు దిద్దడం మొదలుపెట్టింది. గెన్ అంటే గురువు. అందరూ ఆయన్ని గెన్‌లా అంటారు. ఆ 'లా' మన 'గారు' లాంటిది.

అది జరిగి ఐదేళ్ళయింది. ఇప్పుడు గురుశిష్యులిద్దరూ టిబెటన్‌లోనే మాట్లాడుకుంటారు.

ఆ రోజు పొద్దున ఆమె వెళ్ళేసరికి గెన్‌లా కిటికీ పక్కన ఎండలో కూర్చుని వెన్న వేసిన టీ తాగుతున్నారు.

"గెన్‌లా, మీ సిఫారసు ఉత్తరం ఈ శుక్రవారం లోపల వాళ్ళకి చేరాలి."

"నువ్వేం రాశావో చదువు. అది వినకుండా నేనేం రాయను?"

ఆమె కాగితాలు తీసి, ఇంగ్లీషులో ఉన్నది టిబెటన్‌లోకి మార్చుకుంటూ చదివింది. ఆరామాల చరిత్ర, శాసనాలు, సముద్ర వ్యాపారం, అనువాదకుల పరంపరలు, ఈ విషయం మీద ఇంతవరకు ఎవరెవరు ఏమేమి అన్నారో అదంతా. ఈసారి వేలెత్తి చూపడానికి ఎవరికీ సందు దొరకదని ఆమె నమ్మకం. చదువుతున్నకొద్దీ గొంతు హెచ్చింది.

గెన్‌లా చివరిదాకా విన్నారు.

"చాలా చదివావు," అన్నారు.

"బాగుందా, గెన్‌లా?"

"మధ్యాహ్నం చర్చకి రా."

ఆ మఠంలో రోజూ మధ్యాహ్నం భోజనాలయ్యాక చెట్ల నీడన చర్చ జరుగుతుంది. జవాబు చెప్పేవాడు నేల మీద కూర్చుంటాడు. అడిగేవాడు నిలబడతాడు. ప్రశ్న వేసి కాలు నేలకేసి కొట్టి, అరచేతిని అరచేతిలో ఫెళ్ళున చరుస్తాడు. కూర్చున్నవాడు ఒప్పుకుంటాను అనాలి, లేదా కాదని ఎందుకో చెప్పాలి. నిలబడేది పెద్దవాళ్ళు, కూర్చుని చెమటలు కక్కేది చిన్నవాళ్ళు. శేషారత్నం రోజూ గట్టు మీద కూర్చుని చూసేదే కానీ ఎప్పుడూ అందులోకి దిగలేదు.

ఆ మధ్యాహ్నం గెన్‌లా కర్ర పక్కన పెట్టి, ఒక కుర్ర భిక్షువు భుజం పట్టుకుని, జవాబు చెప్పేవాళ్ళు కూర్చునే చోట మెల్లగా కూర్చున్నారు. డెబ్బై దాటిన మనిషి. ఆ మఠంలో అందరికీ గురువు. చుట్టుపక్కల చప్పట్లన్నీ ఆగిపోయాయి.

"రా, రత్నా. అడుగు," అన్నారు.

"నేనా? మిమ్మల్నా?"

"నువ్వే. నన్నే."

ఆమె వెళ్ళి ఎదురుగా నిలబడింది. కాళ్ళెక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. పొద్దున చదివిందే నోటికొచ్చింది.

"కృష్ణ ఒడ్డున ఉన్న ఆరామాలకి సముద్ర వ్యాపారుల ఆదరణ ఉండేది. అవునా?"

"ఒప్పుకుంటాను."

"అక్కడి పండితులు ఉత్తరాదికి వెళ్ళి బోధించారు. అవునా?"

"ఒప్పుకుంటాను."

"వాళ్ళ గ్రంథాలు చాలావాటికి మూలం పోయింది. అనువాదమే దిక్కయింది."

"ఒప్పుకుంటాను."

ఇలాగే సాగింది. ఆమె ఎంత పెద్ద సంగతి తెచ్చినా ఆయన నిద్రపోతున్న మనిషిలా ఒప్పుకుంటాను అంటున్నారు. కుర్ర భిక్షువులు నోటికి ఉత్తరీయం అడ్డం పెట్టుకుని నవ్వడం ఆమెకు కనిపిస్తూనే ఉంది. ఆ కాగితాల్లో ఉన్నదంతా అయిపోయింది.

"ఇక లేవండి, గెన్‌లా. నేల చల్లగా ఉంది, మీ మోకాళ్ళు పట్టేస్తాయి."

"ఇంకా నువ్వు ఏమీ అడగలేదు," అన్నారు ఆయన.

ఆమెకు ఒళ్ళు మండింది. అంత కష్టపడి పోగేసుకున్నదాన్ని ఇంతమందిలో ఈయన ఊకలా ఊదేస్తున్నాడేమిటి అనుకుంది. ఆ కోపంలో, ఇంతవరకు ఎవరికీ చెప్పని మాట ఒకటి బయటికి వచ్చేసింది.

"అయితే ఆ కుండ సంగతి చెప్పండి."

"ఏ కుండ?"

ఆమె ఒక పద్యం చదివింది. ఆమె పనిచేస్తున్న గ్రంథంలోది, టిబెటన్‌లో. నది దాటేవాడు కుండని పట్టుకున్నట్టు మనసుని పట్టుకో, మూతి కిందికే ఉండనీ, పక్కకి వాలనీకు అని దాని అర్థం.

గెన్‌లా తల ఊపారు. "దాని వ్యాఖ్యానంలో ఉందిగా. నిండు కుండ మోసేవాడు చుక్క తొణక్కుండా నడిచినట్టు మనసుని కాపాడుకోవాలి."

"మూతి కిందికి ఉంటే నీళ్ళెక్కడ నిలుస్తాయి?"

ఆయన కళ్ళు తెరిచి ఆమెను చూశారు. "ఎందుకు కిందికి ఉండాలి?"

"అది మోసే కుండ కాదు, గెన్‌లా. ఈదే కుండ. మా లంకల్లో పడవ లేనివాళ్ళు ఏరు దాటాలంటే ఖాళీ కుండని నీళ్ళ మీద బోర్లించి పొట్ట కింద పెట్టుకుంటారు. లోపలి గాలే మనిషిని తేలుస్తుంది. పక్కకి వాలిందా, గాలి పోయి నీళ్ళు చేరతాయి, మునుగుతుంది. మా అమ్మమ్మ అలాగే దాటేది. వ్యాఖ్యానం రాసినాయనకి ఇది తెలియదు. ఆయన చలిదేశంలో అలా ఎవరూ ఈదరు. మరి అనువాదం చేసినాయన? ఆయనకి మాత్రం ఎలా తెలుసు? అర్థం కాని మాటని ఎవరైనా సరిచేసేస్తారు. ఆయన ఎందుకు చెయ్యలేదు? ఆయన పక్కన మా ఏటి మనిషి ఎవరైనా కూర్చున్నాడా?"

చివరి మాటతో పాటే ఫెళ్ళున చప్పుడైంది. చప్పట్లు చరిచింది తనేనని ఆమెకు ఒక క్షణం ఆగి తెలిసింది.

గెన్‌లా కళ్ళు మూసుకున్నారు. పెదాలు ఆ పద్యాన్ని మళ్ళీ చెప్పుకున్నాయి. ఒకసారి కాదు, చాలాసార్లు. తర్వాత ఆయన కళ్ళు తెరిచారు. ఆ ముఖంలో అంత సంతోషం ఆమె ఎప్పుడూ చూడలేదు.

"నాకు తెలియదు," అన్నారు.

జవాబు చెప్పలేనివాడి చుట్టూ చేరి కేకలు పెట్టడం అక్కడి ఆచారం. కుర్రాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు కానీ ఎవరికీ ధైర్యం చాల్లేదు.

"కానివ్వండి," అన్నారు గెన్‌లా. "నన్ను మాత్రం ఎందుకు వదిలేస్తారు?"

అప్పుడు కేకలు పెట్టారు. చెట్ల మీద కాకులు లేచిపోయాయి.

ఆయన కర్ర అందుకుని లేస్తూ, "ఇది ఆ కాగితాల్లో ఎందుకు లేదు?" అని అడిగారు.

"నవ్వుతారని. కుండలు, ఈతలు, మా చేపలవాళ్ళు. ఇదీ ఒక పరిశోధనేనా అంటారని."

గెన్‌లా నడవడం మొదలుపెట్టారు. నాలుగడుగులు వేశాక వెనక్కి తిరిగి, "ఉత్తరం ఈ సాయంత్రం రాస్తాను," అన్నారు.

శేషారత్నం గదికి వెళ్ళి కంప్యూటర్ ముందు కూర్చుంది. పొద్దున చదివింది మళ్ళీ చదువుకుంది. ఒక్క అబద్ధం లేదు అందులో. ఒక్క అనుమానం కూడా లేదు. మొత్తం చెరిపేసింది. ఒక పద్యంలో ఒక కుండ మూతి కిందికి ఉంది, ఎందుకు ఉందో నాకు తెలియదు అని మొదటి వాక్యం రాసింది. ఆ తర్వాత వాక్యాలు వాటంతటవే వచ్చాయి. ఆరామాలూ వ్యాపారులూ అనువాదకులూ అందులోకి మళ్ళీ వచ్చారు కానీ, ఈసారి ప్రతివాళ్ళూ ఆ కుండ దగ్గరికే వచ్చారు. పంపించే మీట నొక్కింది.

నెల తిరగకుండా ఇంటర్వ్యూకి పిలుపొచ్చింది. అంతకుముందు రెండుసార్లూ అంతదూరం వెళ్ళలేదు. తెర మీద ముగ్గురు కనిపించారు. మధ్యలో కూర్చున్న నెరిసిన జుట్టు ఆవిడ టిబెటన్ రాతప్రతులు చదవడంలో పేరున్న మనిషి. మొహమాటం లేకుండా మొదలుపెట్టింది.

"ప్రతి నకలు రాసినవాడు ఒక అక్షరం తప్పు రాసి ఉంటాడు. అంతటితో మీ పరిశోధన అయిపోయినట్టే కదా?"

"కావచ్చండి," అంది శేషారత్నం. "దొరికిన నాలుగు ప్రతులూ చూశాను. నాలుగింటిలోనూ కుండ బోర్లించే ఉంది. ఐదోది, అన్నిటికన్నా పాతది, మీ గ్రంథాలయంలో ఉంది. దాంట్లో మూతి పైకి ఉంటే మీరన్నదే నిజం. అదే మొదటి అధ్యాయంగా రాస్తాను. కిందికే ఉంటే మాత్రం, ఆ అనువాదకుడి పక్కన కూర్చున్న మనిషిని వెతకాలి."

ఆవిడ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది. "మా దగ్గర ఉన్నదాన్ని నేను చూశాను," అంది. "ఈ పద్యం దగ్గర ఆగలేదు."

తర్వాత అరగంట సేపు ఆ ఇద్దరే మాట్లాడుకున్నారు. మిగతా ఇద్దరూ వింటూ ఉండిపోయారు.

ఫలితం వచ్చిన రోజు వాన జోరుగా ఉంది. శేషారత్నం గొడుగు కూడా మరిచిపోయి మఠానికి పరుగెత్తింది. గెన్‌లా వసారాలో కూర్చుని ఉన్నారు. ఆమె తడి బట్టలతోనే మూడుసార్లు సాష్టాంగపడింది.

"ఇచ్చారు, గెన్‌లా."

"ఎన్నాళ్ళకి?"

"మూడేళ్ళకి."

గెన్‌లా వాన వైపు చూశారు.

"చాలవు," అన్నారు.

"తెలుసు, గెన్‌లా," అంది శేషారత్నం, నవ్వుతూ.