గున్న ఏనుగుకు గంగాళం జావ

అనగనగా, కొండలు ఇంకా ఎత్తు పెరుగుతున్న రోజుల్లో, ఒక అడవి. ఎంత పెద్ద అడవనుకున్నారు? ఈ చివర గుడ్డు పగిలిన కాకిపిల్ల ఆ చివరికి ఎగిరేసరికి ముత్తాత అయ్యేది. పిసరంత పెంచి చెప్పినా నా మీసం తీసేయండి.

ఆ అడవికి వరదొచ్చి ఒక గున్న ఏనుగు తల్లిని తీసుకుపోయింది. గున్న ఇంకా పాలు తాగే పసిది. అది ఆకలికి ఏడిస్తే తొమ్మిది కొండల అవతల పులులు గుహల్లో దూరి, చెవులు మూసుకుని, అవీ ఏడ్చాయి.

ఇంతకుముందు తల్లిలేని గొర్రెపిల్లనొకదాన్ని ముసలి గొర్రె బూదమ్మ రాగి జావతో బతికించింది. కోతి కొండయ్య కొలిచి పెట్టాడు: రెండు పిడికిళ్ల పిండి, ఎనిమిది కొబ్బరి చిప్పల నీళ్లు. ఇప్పుడూ అదే కాయాలనుకున్నారు. ఎలుగుబంటి ఒక గంగాళం మోసుకొచ్చింది. అందులో ఎనభై చిప్పల నీళ్లు పట్టాయి. బాటసారుల బండి మీంచి జారిపడ్డ పిండి బస్తా ఒకటుంది.

బూదమ్మ గున్నను నిమురుతూ కూర్చుంది. కొండయ్యకు ఆగే ఓపిక లేదు. జావంటే రెండు పిడికిళ్లేనని, తన చేతి కొలతకు తిరుగులేదని ఆ ఎనభై చిప్పల నీళ్లలో రెండే పిడికిళ్లు వేశాడు. ఆ గంగాళంలో ఆకాశం కనిపించింది, మబ్బులు కనిపించాయి, బారులు తీరిన కొంగలూ కనిపించాయి. జావ మాత్రం కనిపించలేదు. గున్న ఒక్క గుక్క పీల్చి ముఖం తిప్పుకుంది.

అప్పుడు నక్క ముందుకొచ్చింది. ఎనిమిదికీ రెండుకీ తేడా ఆరు కదా, ఎనభైలోంచి ఆరు తీస్తే డెబ్బై నాలుగు, అన్ని పిడికిళ్లు వెయ్యమంది. నోటితోనే అంత లెక్క చేసేసరికి అందరూ తలలూపారు. కొండయ్య అన్నీ వేసేశాడు. అది జావ కాదు నాయనా, బండరాయి. అందులో గుచ్చిన రోకలి నేటికీ నిలబడే ఉంది.

గున్న కాళ్లు మడతపడ్డాయి. ఏడుపు కూడా ఆగిపోయింది. అది ఏడ్చినప్పటికంటే ఇప్పుడే అందరికీ ఎక్కువ భయమేసింది. బస్తా అడుగున ఒక్క వాయికి సరిపడా పిండి మిగిలింది.

బూదమ్మ లేచి వచ్చింది.

"కొండయ్యా, ఒక్క పిడికిలికి ఎన్ని చిప్పలు పోశాం?"

"రెంటికి ఎనిమిది... అంటే ఒకదానికి నాలుగు, అత్తా."

"మరి ఎనభైలో నాలుగులు ఎన్ని?"

చెవులు వాల్చుకున్న నక్క మెల్లగా అంది, "ఇరవై."

"అంతే నక్క బావా," అంది బూదమ్మ. "తప్పు నీ లెక్కలో ఉంది గానీ నీ మనసులో లేదు."

ఆ బండను రోకలితో సహా పెకలించి అవతల పడేసి, గంగాళం కడిగి, మళ్లీ ఎనభై చిప్పల నీళ్లు పోశారు. ఎలుగుబంటి చేటంత పిడికిలి చాచింది. బూదమ్మ వద్దంది. గొర్రెపిల్లకు కొలిచిన పిడికిలే దీనికీ కొలవాలంది.

కొండయ్య ఇరవై పిడికిళ్లు వేశాడు. జావ చిక్కగా, గోరుముద్దకు వచ్చే అన్నంలా కమ్మగా ఉడికింది. నక్క తోకతో విసిరి చల్లార్చింది. గున్న తొండం ముంచి పీల్చిన పీల్పుకు పక్కనున్న ఏరు జానెడు వెనక్కి జరిగింది! ఆ తర్వాత అది లేచి నిలబడి, బూదమ్మ పొట్టకు తల ఆనించుకుంది.

పెట్టే మనసుకు కొలత తెలిసిన చెయ్యి తోడుండాలి. ఒకటికి ఎంతో తెలిస్తే, ఎన్నిటికైనా ఎంతో తెలుస్తుంది.