దేవతల బెల్లం

చాలా కాలం కిందట వింజనూరు అనే రాజ్యాన్ని కీర్తిశేఖరుడనే రాజు ఏలేవాడు. మంచివాడే కాని, పొరుగు దేశపు సరుకంటే ఎంత మోజో సొంత నేలలో పండినదంటే అంత చులకన ఆయనకు. ఉదయాన్నే ఫలహారంలోకి మకరతీర్థం నుంచి పట్టుగుడ్డలో చుట్టి వచ్చే బెల్లం ఉండాల్సిందే. "ఇది దేవతలు తినే బెల్లం" అని సభలో అందరికీ వినబడేలా చెప్పేవాడు.

అదే రాజ్యంలో గున్నేరు అనే ఊరు ఉంది. ఊరంతా చెరకు తోటలే. రెండేళ్లుగా అక్కడి రైతుల బెల్లానికి మంచి బేరం లేదు. ఎవరో దళారులు వచ్చి, పశువుల దాణాకంటూ చౌకగా పట్టుకుపోయేవారు. రైతులు మొరపెట్టుకోగా రాజు విసుక్కుంటూనే ఆస్థాన వర్తకుడు పేరిశెట్టిని పిలిచి, "మూడు పట్నాలు తిరిగి, మన బెల్లం కొనేవాడు ఎవడైనా ఉన్నాడేమో చూసిరా" అన్నాడు.

పేరిశెట్టి వెళ్లాడు, మూడు నెలలకు తిరిగొచ్చాడు. వెళ్లేటప్పుడు సరిపోయిన అంగీ వచ్చేటప్పటికి పొట్ట మీద బిగిసింది. ఈలోగా వేగులవాళ్లు చెప్పవలసినవన్నీ రాజుకు చెప్పేశారు.

"శెట్టీ! రాచకార్యం మీద పంపితే తిరునాళ్లకు పోయినట్టు తిరిగావట. నిజమేనా?"

"నిజమే, మహాప్రభూ. కాంభోజపురంలో ఏనుగుల వీధి చూశాను. సోమవరంలో ఏడంతస్తుల గోపురం ఎక్కాను. మకరతీర్థంలో దీపస్తంభం చూశాను."

"పూటకో విందు తిన్నావట!"

"అదీ నిజమే. సోమవరంలో నేతి మండెగలు తిన్నాను, పనసపొట్టు కూరైతే మారు అడిగి మరీ తిన్నాను. మకరతీర్థంలో తిన్న పూర్ణం బూరెలు ఇప్పటికీ నోరూరిస్తున్నాయి."

సభ గొల్లుమంది. రాజు ముఖం ఎర్రబడింది. "సిగ్గులేదా నీకు? రేపటి నుంచి నీకు కొలువు లేదు. ఆ గున్నేరు తోటలు కొట్టించి జొన్న వేయిస్తాను!"

తోటల మాట వినగానే పేరిశెట్టి ముఖంలో నవ్వు పోయింది. చేతులు జోడించాడు.

"ప్రభూ, గుర్రాన్ని కొనేవాడు ఎక్కి చూస్తాడు. బట్ట కొనేవాడు నలిపి చూస్తాడు. తినే సరుకు బేరానికి పోయినవాడు తినకుండా ఎలా? నా తప్పు తేల్చేముందు ఏలినవారు కూడా ఒక్కసారి రుచి చూడాలి. ఒక పళ్లెంలో మీ పట్టుగుడ్డలోని బెల్లం, ఇంకో పళ్లెంలో గున్నేరు బెల్లం పెట్టిస్తాను. ఏది ఏదో మీ నాలుకే చెప్పాలి."

"అదేమంత బ్రహ్మవిద్య!" అన్నాడు రాజు మీసం దువ్వుకుంటూ.

రెండు పళ్లేలు వచ్చాయి. రాజు మొదటిదాంట్లోంచి ఓ ముక్క నోట్లో వేసుకుని కళ్లు మూసుకున్నాడు. "ఆహా! ఇదీ మకరతీర్థం అంటే. దేవతల నైవేద్యం!" రెండోది కొరికి మూతి ముడిచాడు. "ఇది గున్నేరుది. పశువుల దాణా."

అప్పుడు పేరిశెట్టి సభ వెనక నిలబడి ఉన్న ముసలాయన్ని ముందుకు రమ్మన్నాడు. "ఇతను అప్పలస్వామి, గున్నేరులో నలభై ఏళ్లుగా బెల్లం వండుతున్నాడు. తాతా, మొదటి పళ్లెంలో ఉన్నది ఎవరిది?"

"మాదే బాబూ. పొద్దున నా మూటలోంచి మీరే తీశారు."

రాజు ఉలిక్కిపడ్డాడు. "అయితే నేను దాణా అన్నది..."

"తమరి పట్టుగుడ్డలోదే, ప్రభూ" అంటూ పేరిశెట్టి రెండో పళ్లెంలో మిగిలిన బెల్లపు అచ్చును బోర్లించాడు. అడుగున మూడు వేళ్లు నొక్కిన గుర్తు. తరవాత మొదటి పళ్లెంలోని అచ్చును బోర్లించాడు. అక్కడా అవే మూడు వేళ్లు.

"అవి నా వేళ్లే దొరా," అన్నాడు అప్పలస్వామి. "పాకం గట్టిపడేముందు ప్రతి అచ్చు మీదా నొక్కుతాను. మా అయ్య నేర్పిన అలవాటు."



"మకరతీర్థంలో బూరె కొరకగానే ఈ రుచి నాకు తెలిసినదే అనిపించింది," అన్నాడు పేరిశెట్టి. "ఊరు చుట్టూ తిరిగాను. ఎటు చూసినా ఉప్పుమళ్లే, చెరకు గడ ఒక్కటి లేదు. అంగడికి వెళ్లి అచ్చు బోర్లించి చూస్తే ఇవే మూడు వేళ్లు. దాణాకని పట్టుకుపోయిన మన బెల్లమే పట్టుగుడ్డ కట్టుకుని పరదేశి అయి కూర్చుంది. అక్కడి వర్తకులు ఇకనుంచి నేరుగా గున్నేరు నుంచే కొంటామని మాట ఇచ్చారు."

రాజు తల వంచుకున్నాడు. "అంటే నా నాలుక అబద్ధం చెప్పిందన్నమాట."

"లేదు ప్రభూ, తమరి నాలుక నిజమే చెప్పింది. మన బెల్లాన్ని దేవతల నైవేద్యమంది. ఊరి పేరు దగ్గరే తడబడింది."

రాజు ఒక్క క్షణం అతనికేసి చూసి, పగలబడి నవ్వాడు. సింహాసనం దిగివచ్చి తన మెడలోని ముత్యాల పేరు తీసి పేరిశెట్టికి వేశాడు. అప్పలస్వామి చేతికి బంగారు కడియం తొడిగాడు. గున్నేరు బెల్లం ఇకమీదట ఏ దేశం వెళ్లినా గున్నేరు పేరుతోనే వెళ్లాలని ఆజ్ఞ ఇచ్చాడు.

"ఇంకేం కావాలో కోరుకో, శెట్టీ."

"మకరతీర్థం వెళ్లే మొదటి బండితో నాతో పాటు ఈ తాతను కూడా పంపించండి. తన చేతి బెల్లం ఎంత గొప్ప ఊళ్లో ఎంత గొప్పవాళ్లు తింటున్నారో కళ్లారా చూడాలి."

అప్పలస్వామి ఏరు దాటి ఎరగడు. కళ్లు తుడుచుకుని మెల్లగా అడిగాడు. "ఆ ఊళ్లో సముద్రం ఉంటదంట కదా శెట్టిగారూ, చూపిస్తారా?"

"తప్పకుండా, తాతా. కాని ముందు భోజనం!"

ఆ మాటకు అందరికంటే గట్టిగా నవ్వింది రాజే.