తీర్మానం దగ్గర ఆగిపోయే కారు

సోమాచారి గారిని ప్రశ్న అడిగితే జవాబు చెప్పరు. చేతికి ఏదో ఒక పనిముట్టు ఇస్తారు. కాకినాడలో కార్లకు పాటల సరంజామా బిగించే వాళ్ళందరికీ ఇది తెలిసిన సంగతే. వైరు ఎందుకు కాలిందండీ అని అడిగినవాడికి కటింగ్ ప్లయరు ఇచ్చారు, సరే. దేవుడున్నాడా అని అడిగినవాడికి చీపురు ఇచ్చారట. వాడు షెడ్డంతా ఊడ్చి, సాయంత్రానికి నడుం పట్టుకుని, "ఉన్నాడనే అనిపిస్తోందండి" అన్నాడని చెప్పుకుంటారు. అది నిజమో కాదో గాని, షెడ్డు మాత్రం ఆ రోజు అద్దంలా మెరిసిందట.

ఆయన దగ్గర పనిచేసే గవర్రాజుకు ముప్పై ఆరేళ్ళు. పని నేర్చుకోవడం ఎప్పుడో అయిపోయింది. గురువుగారిని వదిలి వెళ్ళడానికి మనసొప్పక ఇంకా నేర్చుకుంటూనే ఉన్నానంటాడు. మనిషి వెన్న. చిక్కంతా ఆ వెన్నతోనే. ఎవరికి ఏం చేసినా రెండు గరిటెలు ఎక్కువే వడ్డిస్తాడు. తమ్ముడి పెళ్ళిచూపులకు వెళ్ళి, వాడెక్కడ తడబడతాడోనని, పెళ్ళికూతురు అడిగిన ప్రశ్నలన్నిటికీ తనే జవాబులు చెప్పి వచ్చాడు. పెళ్ళయిన ఆర్నెల్లకు ఆ తమ్ముడు వేరు కాపురం పెట్టి, అన్న ఫోను చేస్తే ఎత్తడం మానేశాడు. గవర్రాజు ఇది ఎవరితోనూ అనడు గాని, మధ్యాహ్నం క్యారేజీ విప్పినప్పుడల్లా ముందు ఒకసారి ఫోను తీసి చూసుకుంటాడు.

ఒక మంగళవారం పొద్దున్న టీ తాగుతూ అతను అడగనే అడిగాడు.

"గురువుగారూ, ప్రేమగా చేసిందే ఎందుకండీ బెడిసికొడుతుంది? ఏదో అయిందనిపించి వదిలేసిన పనులు పదేళ్ళు నిక్షేపంలా ఉంటాయి."

ఆచారి గారు గ్లాసు అడుగున మిగిలిన టీ చుక్కను కూడా తాగి, "కారు వస్తోంది, చూడు" అన్నారు.

వచ్చిన కారు డోలు విద్వాంసుడు పైడిస్వామిది. డెబ్బై దాటిన మనిషి. నలభై ఏళ్ళు పెళ్ళిళ్ళలో, ఉత్సవాల్లో డోలు మోగించి మోగించి చివరికి రెండు చెవులూ ఆ డోలుకే అప్పజెప్పాడు. తొమ్మిదేళ్ళుగా పక్కన పిడుగు పడినా వినబడదు. మాట మాత్రం మునుపటంత ఖంగున ఉంటుంది. ఎదుటివాళ్ళ పెదవులు చూసి సంగతి పట్టేస్తాడు. చెవులు పోయాకనే కూతురు బిలహరికి విద్య నేర్పాడు. ఆ పిల్ల వాయిస్తుంటే డోలు అంచున అరచెయ్యి ఆనించి కూర్చునేవాడట. దెబ్బ తప్పితే చెయ్యి తీసేసేవాడట. అంతకు మించిన తిట్టు ఆ ఇంట్లో లేదు.

నెల కిందట ఆయన ఈ కారు తెచ్చి, "నాకు వినబడక్కర్లేదు, తగిలితే చాలు" అన్నాడు. ఆ మాటకు గవర్రాజు కరిగిపోయాడు. డిక్కీలో బరువైన దెబ్బలు పలికించే పెద్ద స్పీకరు, సబ్ ఊఫరు, దానికి బలమిచ్చే ఆంప్లిఫయరు పెట్టి, వెనక సీటుకు ఒరిగి కూర్చుంటే ప్రతి దెబ్బా వెన్నులో దిగేలా అమర్చాడు. అంత ఇష్టంగా చేసిన పని అతని జన్మలో మరొకటి లేదు.

ఆ కారే ఇప్పుడు మొరాయించింది. పైడిస్వామి దిగుతూనే చేతి గడియారం చూపించాడు. తొమ్మిదింబావు. పదకొండింటికి బిలహరి మొట్టమొదటిసారి బెజవాడ రేడియోలో వాయిస్తోంది. రికార్డు చేసి తరవాత వేసేది కాదు, అక్కడ దెబ్బ పడగానే ఇక్కడ మోగే లైవు కార్యక్రమం.

"మెల్లగా వాయిస్తే బానే ఉంటంది బాబూ. తీర్మానం కాడికి వచ్చేసరికి ఠక్కున చచ్చిపోతంది. పిల్ల సాధన చేసినవి మూడు రోజుల్నించి వేసి చూస్తన్నాను. ప్రతిసారీ అక్కడే."

తీర్మానమంటే వాయిద్యకారుడు అప్పటిదాకా దాచుకున్నదంతా ఒక్కసారి కుమ్మరించి ముగించే చోటు. అది లేని డోలు ఉప్పు లేని పప్పు. గవర్రాజు ఆయన ముందుకు వచ్చి నిలబడ్డాడు. పెదవులు స్పష్టంగా కదుపుతూ, "పోనీ, రికార్డు తెప్పించుకుని తరవాత వింటే?" అని అడిగాడు.

"పుట్టిన పిల్లని ముందు ఫొటోలో చూస్తావేటి నువ్వు?" అన్నాడు పైడిస్వామి.

ఇంకా మాట్లాడడానికేముంది? గవర్రాజు చొక్కా చేతులు పైకి మడిచాడు. సాధన రికార్డు పెట్టి శబ్దం పెంచగానే కారు మొత్తం పూనకం వచ్చినట్టు ఊగింది; వెనక నంబరు పలక గలగలలాడింది. దెబ్బలు చిక్కబడుతూ చిక్కబడుతూ వచ్చి, సరిగ్గా తీర్మానం ఎత్తుకోగానే నోరు నొక్కినట్టు నిశ్శబ్దం. ఆంప్లిఫయరు మీద పచ్చదీపం ఆరి ఎర్రదీపం వెలిగింది. అరనిమిషం తరవాత, అలిగి పడుకున్న కొత్తల్లుడు కాఫీ వాసనకు లేచినట్టు, ఏమీ ఎరగనట్టు మళ్ళీ పచ్చదీపం.

ఎర్రదీపమంటే ఆంప్లిఫయరు తన ప్రాణం కాపాడుకోవడానికి తనే ఆగిందని గవర్రాజుకు తెలుసు. ఎవరి నుంచి కాపాడుకుంటోందో తెలియాలి. ఫ్యూజు చూశాడు, నిక్షేపంలా ఉంది. స్పీకరు వైర్లు ఎక్కడైనా ఒరుసుకుని రేకుకు తగులుతున్నాయేమోనని జానెడు జానెడు తడిమాడు, లేదు. ఊఫరు విప్పి షెడ్డులో ఉన్న ఇంకో పెట్టె తగిలించాడు. తీర్మానం దగ్గర అదీ చచ్చింది. ఆంప్లిఫయరే పోయిందేమోనని బీరువాలోంచి కొత్తది తీసి పెట్టాడు. కొత్తది కూడా సరిగ్గా అక్కడే కన్నెర్ర చేసింది. టైము పది. చెమటలు కారుతున్నాయి గాని, అతని ఒంట్లో ఏదో హుషారు పుట్టింది; దొంగ ఈ ఇంట్లోనే ఉన్నాడని తెలిసినవాడి హుషారు.

"దీనికి కరెంటు చాలడం లేదండి!" అని అరిచి, బ్యాటరీ నుంచి డిక్కీ దాకా బొటనవేలంత లావు వైరు రెండోది లాగాడు. మామూలుగా పూట పట్టే పనిని ఇరవై నిమిషాల్లో చేశాడు. పైడిస్వామి పక్కనే ఉండి, అందాల్సినవి అందిస్తూ, మధ్యమధ్య గడియారం కేసి చూస్తున్నాడు. మళ్ళీ రికార్డు పెట్టారు. తీర్మానం వచ్చింది. ఎర్రదీపం కూడా వచ్చింది.

అప్పటిదాకా స్టూలు మీద కూర్చుని చూస్తున్న ఆచారి గారు లేచి వచ్చారు. "కరెంటు వచ్చే దారి చూశావు. తిరిగి పోయే దారి?"

"ఎర్తు వైరా అండీ? దాన్ని చూడక్కర్లేదండి. బండి మొత్తంలో నాకు అనుమానం లేనిది అదొక్కటే. మంచి ఘడియ చూసుకుని నా చేత్తో నేను బిగించాను."

ఆచారి గారు "ఓహో" అన్నారు. పైడిస్వామి కేసి తిరిగి, డిక్కీ అంతా ఒకసారి చేత్తో చూడమని సైగ చేశారు. రికార్డు మళ్ళీ మోగింది. పెద్దాయన కళ్ళు మూసుకుని, నలభై ఏళ్ళు డోలు పట్టిన ఆ అరచేతిని ఊఫరు పెట్టె మీద ఆనించాడు, ఆంప్లిఫయరు మీద ఆనించాడు, కింద రేకు మీద మెల్లగా జరుపుకుంటూ వెళ్ళాడు. ఎర్తు వైరును బండి రేకుకు బిగించిన బోల్టు దగ్గర చెయ్యి ఆగిపోయింది.

"మిగతా అంతా దెబ్బ తగుల్తంది. ఇక్కడ దెబ్బ లేదు, ఉడుకుంది."

గవర్రాజు వేలు పెట్టి చూసి, చురుక్కుమని వెనక్కి తీసుకున్నాడు. ఆచారి గారు అతని చేతికి స్పానరు ఇచ్చారు.

బోల్టు ఊడి వచ్చింది. వైరు చివరి ఇత్తడి రింగు పైకి లేచింది. దాని కింద, ఇనుమూ ఇత్తడీ ఒకదాన్నొకటి తాకవలసిన చోట, అప్పచ్చిలా ఎండిపోయిన పచ్చని ముద్ద; మధ్యలో కుంకుమ; చుట్టూ సముద్రపు గాలికి పట్టిన తుప్పు.

"పసుపండి," అన్నాడు గవర్రాజు. "నేనే పెట్టానండి."

పెట్టకేం చేస్తాడు? ఆ రోజు ఎర్తు కోసం రేకు మీద రంగు గీకినప్పుడు, లోపలినుంచి ఇనుము వెండిలా తళతళలాడుతూ బయటపడింది. పైడిస్వామి ముఖం, ఆయన అన్న మాట గుర్తొచ్చి గవర్రాజుకు ఒళ్ళు పులకరించింది. బండి కొంటే చక్రానికి పెడతాం, పనిముట్టుకు పెడతాం, ఇంత గొప్ప పని మొదలయ్యే చోట పెట్టకపోతే ఎలా అనుకున్నాడు. పసుపు చిక్కగా కలిపి, కుంకుమ అద్ది, రెండు చేతులా దణ్ణం పెట్టి, దాని మీదే రింగు ఉంచి బలమంతా పెట్టి బిగించాడు. చిన్న దెబ్బలకు కావలసిన కరెంటు ఆ సందుల్లోంచి ఎలాగో దూరి బయటపడుతోంది. తీర్మానానికి కావలసినంత పోవాలంటే దారి ఏది? బోల్టు కాగుతోంది, ఆంప్లిఫయరు బెదిరి కళ్ళు మూసుకుంటోంది.

గవర్రాజుకు సిగ్గేసింది. ఒట్టి సిగ్గయితే పోనీ అనుకోవచ్చు, ఏడుపు కూడా వచ్చింది. ఆచారి గారు ఆ పచ్చని ముద్దను వేలి కొసతో తీసి చూసి, "డిక్కీ మూత మీద పెట్టొచ్చుగా" అన్నారు.

పదిన్నర దాటి పావుగంట. గవర్రాజు ఉప్పుకాగితం తీసుకుని ఆ చోటును రుద్దడం మొదలుపెట్టాడు. తుప్పు రాలింది, పసుపు రాలింది, ఇనుము మళ్ళీ తెల్లబడింది. రింగునూ రుద్దాడు. మధ్యలో ఒక్క నలుసు లేకుండా తుడిచి, ఇనుము మీద ఇత్తడి పెట్టి బిగించాడు. ఈసారి చేతులు దణ్ణానికి లేవబోయి, స్పానరు ఉండబట్టి ఆగాయి. పదకొండుకు రెండు నిమిషాలు ఉందనగా పైడిస్వామి వెనక సీట్లో కూర్చుని వీపు ఆనించాడు. రేడియో పెట్టారు.

ముందు ఎవరో కార్యక్రమం వివరాలు చెప్పారు. బిలహరి పేరు వినబడగానే గవర్రాజు పెద్దాయనకు సైగ చేశాడు. సన్నాయి ఎత్తుకుంది. కొంతసేపటికి, మెట్లెక్కుతున్న మనిషి అడుగుల్లా, డోలు. పైడిస్వామి భుజాలు కదిలాయి. మొదటి కీర్తన చివర తీర్మానం దగ్గరపడింది. గవర్రాజు ఊపిరి బిగబట్టాడు. ఆచారి గారు కూడా స్టూలు వదిలి రెండడుగులు ముందుకు వేశారు. దెబ్బలు చిక్కబడ్డాయి, ముసురుకున్నాయి, విరుచుకుపడ్డాయి. కారు ఊగింది, నంబరు పలక గలగలలాడింది, షెడ్డు రేకులు బదులు పలికాయి. పచ్చదీపం పచ్చగానే ఉంది. తీర్మానం నిండుగా పడి నిలిచింది.

పెద్దాయన మూసిన కళ్ళలోంచి నీళ్ళు జారి తెల్లని మీసం మీద పడ్డాయి. గవర్రాజుకు లోకం చేతికందినంత సంబరమైంది. ఇలాంటప్పుడు చేతులు కట్టుకుని నిలబడడం అతని జాతకంలోనే లేదు. వెనక తలుపు తీసి సగం లోపలికి దూరి, పైడిస్వామి మోకాలు తట్టాడు. ఆయన కళ్ళు తెరిచి అతని పెదవులు చూశాడు.

"బాగా తగుల్తోందా అండీ?"

ఆయన తల ఊపి కళ్ళు మూసుకున్నాడు. రేడియోలో సన్నాయి ఆగింది. ఇక డోలు ఒక్కటే, బిలహరి ఒక్కతే. గవర్రాజు మళ్ళీ తట్టాడు. "ఇంకొంచెం పెంచనా?" ఆయన మళ్ళీ కళ్ళు తెరిచాడు. వెన్నులో పడుతున్న తాళం లెక్క ఎక్కడో తప్పిపోయి, దాన్ని వెతుక్కుంటున్నట్టు వేళ్ళు సీటు మీద తడబడ్డాయి. గవర్రాజు అది చూసి, పాపం సరిగ్గా ఒరగలేదనుకుని, వీపు వెనక పెట్టడానికి దిండు కోసం ఇటూ అటూ చూశాడు. డోలు వేగం అందుకుంటోంది. పెద్ద తీర్మానం ఎంతో దూరంలో లేదు.

వెనకనుంచి ఆచారి గారి చెయ్యి అతని భుజం మీద పడింది.

"తలుపు వెయ్యి, గవర్రాజూ."

"అలాగేనండి" అని గవర్రాజు మరికాస్త లోపలికి జరిగి, పెద్దాయన పక్కన కూర్చుని తలుపు లాక్కోబోయాడు.

"బయట నిలబడి," అన్నారు ఆచారి గారు.